పక్కన కూర్చునే విద్య

అన్నంలో విషం కలిపారని గట్టిగా నమ్ముతున్న మనిషి చేత అన్నం ఎలా తినిపిస్తారు? ఇంట్లోవాళ్లం మొదట బతిమాలతాం. ఆ తర్వాత వాదిస్తాం. "కన్నతల్లి వండిన అన్నంలో విషమేమిట్రా" అంటాం. ఒక ముద్ద మనమే తిని చూపిస్తాం. అదీ పారకపోతే విసుక్కుంటాం, పక్కకెళ్లి ఏడుస్తాం. మానసిక వైద్యశాలలో పని నేర్చిన నర్సు ఈ దారుల్లో వెళ్లదు. తొక్క తీయని అరటిపండు, పెంకు ఒలవని ఉడకబెట్టిన గుడ్డు, సీలు తీయని నీళ్ల సీసా తెచ్చి మంచం పక్కన పెడుతుంది. "ఇవి ఇక్కడ పెడుతున్నానండీ. మీరే ఒలుచుకుని తినొచ్చు" అంటుంది. తింటాడా లేదా అని కాపలా కాస్తున్నట్టు నిలబడదు. పక్క మంచం మీద దుప్పటి సర్దుతూ ఓరకంట గమనిస్తుంటుంది.

ఆమె అన్న ఆ రెండు వాక్యాల దగ్గర కాసేపు ఆగి చూడాలి. వాటిలో విషం ఊసే లేదు. "విషం లేదు" అంటే వాదన మొదలవుతుంది. భ్రాంతితో వాదించి గెలిచినవాళ్లు లేరు. పైగా "లేదు" అన్న మనిషిని కూడా అతను కుట్రలో కలిపేసుకుంటాడు. పోనీ "అవును, ఆ అన్నంలో ఏదో ఉంది, ఇది తినండి" అంటే ఆ పూట గడుస్తుంది గానీ అతని భయానికి ఒక సాక్షి దొరుకుతుంది. జబ్బు తగ్గాక "మీరూ ఉందన్నారుగా" అని అడిగితే ఆమె దగ్గర జవాబుండదు. అందుకే ఆమె భయాన్ని మాత్రం లెక్కలోకి తీసుకుని, విషం సంగతి ముట్టుకోలేదు. "తినండి" అనకుండా "తినొచ్చు" అంది. ఒలిచే పని అతని చేతికే వదిలింది. వార్డులో అడుగుపెట్టిన రోజు నుంచి ఎప్పుడు పడుకోవాలో, ఎప్పుడు లేవాలో, ఏ మాత్ర మింగాలో ఇతరులే చెబుతున్న మనిషికి, ఒక అరటిపండు మేరకైనా తన మీద తనకు అధికారం తిరిగి దక్కింది.

చూసేవాళ్లకు ఇందులో నేర్పేమీ కనబడదు. నరం దొరకబుచ్చుకుని సూది వేయడంలో నేర్పు కనబడుతుంది. కట్టు కట్టడంలో కనబడుతుంది. మానసిక వార్డు నర్సు పని మాత్రం ఎంత బాగా కుదిరితే అంత మామూలు కబుర్లలా ఉంటుంది. కనబడని పనితనం కాబట్టే దాన్ని దగ్గరగా వెళ్లి చూడాలి.

కష్టంలో ఉన్న మనిషితో మనం అనే మాటల్లో చాలా వరకు మన ఇబ్బంది తీర్చుకోవడానికే అంటాం. "ఏం కాదులే, అంతా సర్దుకుంటుంది" అన్నప్పుడు తేలికపడేది ముందు మన గుండే. ఎదుటి మనిషి ఏడుపు చూడలేక "ఊరుకో, ఊరుకో" అంటాం. చావు మాట ఎత్తగానే "అలాంటి మాటలు అనకూడదు" అని నోరు మూయిస్తాం, ఆ మాట విని తట్టుకోవడం మనకు చేతకాదు కనుక. నర్సింగ్ పుస్తకాలు వీటిని వట్టి భరోసా, మాట మార్చడం, తీర్పు చెప్పడం అని విడివిడిగా పేర్లు పెట్టి, చేయకూడనివిగా రాస్తాయి. నాకు అర్థమైనంతలో వీటన్నిటికీ మూలం ఒక్కటే. మానసిక నర్సు నేర్చుకునేదంతా, నోటి దాకా వచ్చిన మాటను పెదవి దగ్గర ఆపి, ఇది ఎవరి భయం తీర్చడానికి వస్తోంది అని చూసుకోవడమే.

ఈ ప్రశ్నను నర్సింగ్ చదువులోకి పద్ధతిగా తెచ్చినవారు హిల్డెగార్డ్ పెప్లౌ. 1909లో అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని రీడింగ్ పట్టణంలో, వలస వచ్చి స్థిరపడిన కుటుంబంలో పుట్టారు. 1918 నాటి ఫ్లూ ఇళ్లకు ఇళ్లను కుదిపేయడం చిన్నపిల్లగా కళ్లారా చూశారు. 1931లో నర్సయ్యారు. తర్వాత బెన్నింగ్టన్ కాలేజీలో చదువుతూ, మేరీలాండ్‌లోని చెస్ట్‌నట్ లాడ్జ్ అనే మానసిక వైద్యశాలలో పని చూశారు. మనసు జబ్బును మనిషికీ మనిషికీ మధ్య జరిగే వ్యవహారంలో వెతకాలని మానసిక వైద్యుడు హ్యారీ స్టాక్ సలివన్ చెబుతున్న కాలమది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో నర్సుగా చేరి, ఇంగ్లండ్‌లో మనసు చితికిన సైనికుల మధ్య పనిచేశారు. ఇదంతా కలబోసి రాసిన 'ఇంటర్‌పర్సనల్ రిలేషన్స్ ఇన్ నర్సింగ్' 1948కే పూర్తయినా, అచ్చయింది 1952లో. పక్కన వైద్యుడి పేరు లేకుండా ఒక నర్సు సొంతంగా పుస్తకం వేయడం అప్పటికి మింగుడుపడని సంగతి. చివరికి ఆమె ఒక్కరి పేరుతోనే వచ్చింది.

అదే 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆసుపత్రిలో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజైన్ అనే మందు మానసిక రోగుల మీద చూపిన ఫలితాన్ని ప్రకటించారు. ఆ మందు వార్డుల్లో కేకలు తగ్గించింది. కేకలు తగ్గాక ఎదురుగా కూర్చున్న మనిషితో ఏం మాట్లాడాలన్నది పెప్లౌ పుస్తకం చెప్పింది. మానసిక వైద్య చరిత్రలో మందుకు దక్కినంత చోటు ఈ పుస్తకానికి దక్కలేదు. నా దృష్టిలో రెండూ ఒకదానికొకటి తోడు. మాత్ర మింగడానికైనా ఎవరో ఒకరి మీద నమ్మకం కుదరాలి.

పెప్లౌ చెప్పినదాని ప్రకారం నర్సు రోగికి మొదట పరాయి మనిషి. ఆ పరాయితనాన్ని దాచకుండా, తొందరపడకుండా దాటించాలి. పరిచయం, నమ్మకం, ఆ నమ్మకం ఆసరాగా రోగి తన పని తాను చేసుకోవడం, ఆపైన విడిపోవడం. ఈ దశల్లో చివరిదాన్ని కూడా వైద్యంలో భాగమే అన్నారామె. ఆమె చెప్పినవాటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆందోళన గురించిన మాట. ఆందోళన ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. నర్సు భుజాలు బిగుసుకుంటే, గొంతు ఒక మెట్టు లేస్తే, మాటలు తొందరపడితే, ఎదురుగా ఉన్న రోగికి అది క్షణంలో చేరిపోతుంది. ఆందోళనను ఆమె నాలుగు మెట్లుగా విడగొట్టారు: కొద్దిపాటిది, మధ్యస్థం, తీవ్రం, ఆపైన హడలు. మెట్టు పెరిగేకొద్దీ మనిషి వినగలిగేది తగ్గిపోతుంది. కాబట్టి నర్సు వాక్యం కూడా పొట్టిదవ్వాలి. హడలిపోయిన మనిషికి కారణాలు చెప్పడం వృథా. "నేను నర్సును. ఇది ఆసుపత్రి. మీ పక్కనే ఉన్నాను" అంటే చాలు.

ఆ 1952లోనే, ఆ చెస్ట్‌నట్ లాడ్జ్ నుంచే గ్వెన్ టూడర్ అనే నర్సు రాసిన వ్యాసం ఒకటి వచ్చింది. ఒక రోగి సిబ్బందికి దూరంగా ఉంటుంది, సిబ్బంది ఆమెకు దూరంగా ఉంటారు. ఆమెకు ఎవరూ అక్కర్లేదని వాళ్లు అనుకుంటారు. తన దగ్గరికి ఎవరూ రారని ఆమె మరింత ముడుచుకుంటుంది. రెండు వైపులా ఒకరి దూరాన్ని మరొకరు పెంచుకుంటూ పోవడాన్ని టూడర్ ఓపికగా గమనించి, తనే ఆ రోగి దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టి, ఆ మెలిక విప్పే దారి చూపారు. ఏ ఊరి మానసిక వార్డులోనైనా మూల మంచం మీద ఇలాంటి మనిషి ఒకరుంటారు. డ్యూటీ మారేటప్పుడు చేసే హ్యాండోవర్‌లో వాళ్ల పేరు దగ్గర "ఏమీ లేదు, మామూలే" అని దాటేస్తారు. ఆ "మామూలే" దగ్గర ఆగే నర్సు దొరకడం ఆ రోగి అదృష్టం.

ఈ విద్య నేర్పే పనిముట్టు ఒక నోటు పుస్తకం. మన నర్సింగ్ విద్యార్థులు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకో, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలకో పోస్టింగ్ మీద వెళ్లినప్పుడు ప్రాసెస్ రికార్డింగ్ అని రాస్తారు. రోగి అన్నది ఒక గడిలో, తాను అన్నది ఇంకో గడిలో, ముఖం, చేతులు, చూపు ఏం చెప్పాయో మరో గడిలో. చివరి గడి అసలైనది: ఆ మాట ఎందుకన్నాను, అది పనికొచ్చిందా? చాలామంది దీన్ని మార్కుల కోసం నింపేస్తారు. శ్రద్ధగా రాసినవాళ్లకు మాత్రం ఆ గడి పదునైన గురువు. రోగి "మా ఆయన నన్ను వదిలేసిండు" అన్న చోట తను "మీకు పిల్లలెందరు?" అని అడిగిన సంగతి కాగితం మీద కనబడుతుంది. ఆ ప్రశ్న సమాచారం కోసం వచ్చింది కాదు. ఆ బాధ పక్కన ఒక్క నిమిషం నిలబడలేక మాట మార్చింది. రోగి ఆ తర్వాత రెండు ముక్కలు చెప్పి గోడ వైపు తిరిగి పడుకోవడం కూడా అక్కడే, పక్క గడిలో ఉంటుంది. ఒక వృత్తిలో కొత్తగా చేరినవారు తమ సంభాషణను ఇలా మాటకు మాట విప్పి, తమనే తాము విచారించుకోవడం నాకు ఎంతో గౌరవం కలిగించే పద్ధతి. మాటలతోనే బతికే వృత్తులు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో ఎన్నింటికి ఈ అలవాటుంది?

ఇతరులకు వినబడని గొంతులు వినే మనిషితో మాట్లాడటం దగ్గర ఈ పనితనం బాగా తెలుస్తుంది. వార్డులో ఎవరి నోటనైనా వినగలిగే సంభాషణే తీసుకుందాం.

"సిస్టరమ్మా, గోడెనక మా పాలోళ్లు మాట్లాడుకుంటున్రు. నన్ను సంపుతరంట."

"నాకైతే ఏ మాటలూ ఇనొస్తలేవు. మీకు ఇనొస్తున్నయి, మస్తు భయమైతున్నట్టుంది."

"మీకు ఇనొస్తలేవా?"

"లేదు. ఏమంటున్రు ఆళ్లు? మిమ్మల్ని ఏమన్న చేసుకోమంటున్రా?"

ఆమె మొదటి మాటలో రెండు సగాలున్నాయి. తనకు వినబడటం లేదని నిజం చెప్పింది. కానీ అది తన చెవుల సంగతిగా చెప్పింది, "అక్కడ ఎవరూ లేరు" అనలేదు. రెండో సగంలో అతని అనుభవాన్నీ, దాని వెనక భయాన్నీ ఒప్పుకుంది. అతను ఆశ్చర్యపోయి "మీకు వినబడటం లేదా?" అని అడిగిన చోట ఒక చిన్న పగులు ఏర్పడింది. అందరికీ వినబడుతున్నాయనుకున్నవి తనకే వినబడుతున్నాయేమో అన్న అనుమానం అతనిలోనే పుట్టింది. నర్సు దాన్ని పట్టుకుని లాగలేదు, వదిలేసింది. చివరి ప్రశ్న మరీ ముఖ్యం. గొంతులు ఊరికే తిడుతున్నాయా, లేక ఏదైనా చేయమని ఆదేశిస్తున్నాయా? తనను తాను గాయపరచుకోమనో, ఎదుటివాణ్ణి కొట్టమనో ఆదేశిస్తే ఆ రాత్రి కాపలా వేరుగా ఉండాలి. ఓదార్పులా వినబడే మాటల్లోనే ఆమె ఒక ప్రమాదాన్ని అంచనా వేసి, కేస్ షీట్‌లో రాసుకుని, డ్యూటీ డాక్టరుకు చెబుతుంది.

తెలంగాణ పల్లెల నుంచి వచ్చే కుటుంబాలు బాణామతి అనో, చేతబడి అనో, కోస్తా నుంచి వచ్చేవాళ్లు గాలి సోకిందనో చెబుతారు. అప్పటికే ఏ దర్గాకో, భూతవైద్యుడికో డబ్బు పోసి, అప్పు చేసి వచ్చుంటారు. ఇక్కడ వాళ్లను మూఢులని తీసిపారేసే నర్సు వాళ్లను మళ్లీ భూతవైద్యుడి దగ్గరికే పంపుతుంది. పని తెలిసినామె ముందు కథంతా చెప్పనిస్తుంది. ఎప్పటి నుంచి? మొదట ఏం మారింది? నిద్రా, తిండా, మాటా? తాయెత్తు కట్టుకునే ఉండనివ్వండి, దాంతో పాటు ఈ మాత్ర కూడా వేద్దాం అంటుంది. మెడలో తాయెత్తు ఎవరికీ హాని చేయదు. గొలుసుతో కట్టేయడం, కొట్టడం, తిండి మాన్పించడం హాని చేస్తాయి. అక్కడ మాత్రం ఆమె గట్టిగా, నేరుగా చెబుతుంది. దేని దగ్గర మెత్తగా ఉండాలో, దేని దగ్గర ఉండకూడదో తెలియడం చదువుతో పాటు మనుషుల్ని చూసిన అనుభవంతో వస్తుంది.

ఇక మౌనం సంగతి. తీవ్రమైన కుంగుబాటులో ఉన్న మనిషికి మాట ఒక బరువు. "ఎలా ఉన్నారు?" అంటే జవాబు రావడానికే నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఆగలేక మనం రెండో ప్రశ్న వేస్తాం. మొదటి జవాబు లోపలే ఉండిపోతుంది. కచేరీలో మృదంగం వాయించేవారు గాయకుడి ఊపిరి కోసం చోటు వదిలినట్టు, ఈ నర్సు ఖాళీని ఖాళీగా ఉంచగలదు. "మాట్లాడాలని లేకపోతే ఫర్వాలేదమ్మా. పది నిమిషాలు ఇక్కడ కూర్చుంటాను" అంటుంది. అసలు పనితనం ఆ "పది నిమిషాలు"లో ఉంది. సరిగ్గా అంతసేపే కూర్చుని, "రేపు మందుల వేళ అయ్యాక మళ్లీ వస్తాను" అని చెప్పి, మర్నాడు నిజంగానే వస్తుంది. తాను దేనికీ పనికిరాని దాన్నని నమ్ముతున్న మనిషికి, చెప్పిన వేళకు ఒకరు తన కోసం రావడం అన్ని ఓదార్పు మాటల కంటే బలమైన వాదన. అదే రానని తెలిసీ వస్తానని చెబితే, పనికిరాననే నమ్మకానికి ఇంకో రుజువు చేతికిచ్చినట్టవుతుంది.

చావు గురించి అడగడం ఈ విద్యలో చాలా కష్టమైన మెట్టు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం చదువుకున్నవాళ్లలో కూడా ఉంది. అది నిజం కాదు. అడగడం వల్ల ఆత్మహత్య ఆలోచన కొత్తగా పుట్టదని పరిశోధనలు చెబుతూ వస్తున్నాయి. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్నదే పెద్ద ఊరట. "ఇంత బాధలో ఉన్నారు. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందాండీ?" ఈ ప్రశ్నను కళ్లు దించుకోకుండా, గొంతు తగ్గించి రహస్యంలా కాకుండా, బీపీ ఎంతుందని అడిగినంత స్థిమితంగా అడగాలి. అవునంటే ఆగకూడదు. ఎప్పుడు, ఎంత తరచుగా, ఏమైనా అనుకున్నారా? మన ప్రాంతపు నర్సు ఇంకొకటి అడుగుతుంది: "ఇంట్లో పురుగుల మందు ఉందా? ఎక్కడ పెడతారు?" ఆ డబ్బాకు తాళం పడేలా కుటుంబంతో మాట్లాడటం, ఆ క్షణాన్ని దాటించే నిజమైన వైద్యం. ఇంకో సంగతి ఆమెకు తెలుసు, కుటుంబానికి తెలియదు. మందు పనిచేయడం మొదలైన తొలి వారాల్లో ఒంట్లో ఓపిక ముందు వస్తుంది, మనసులో ఆశ ఆలస్యంగా వస్తుంది. "తేరుకున్నాడు, ఇంటికి తీసుకెళ్తాం" అని అందరూ సంతోషించే ఆ రోజుల్లోనే ఆమె ఒక కన్ను ఎక్కువ వేసి ఉంచుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, అతనికి సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిదనీ అంటోంది. ఆ సెక్షన్ మంచం పక్కకు చేరేది ఈ ప్రశ్న అడిగిన గొంతులోంచే.

ఎర్రగడ్డ నర్సులకు మరో ప్రత్యేకమైన అనుభవం ఉంది. తెలంగాణలో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారు. రోజూ తాగే మనిషికి అది ఒక్కసారిగా ఆగిపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి. 2020 లాక్‌డౌన్ తొలి రోజుల్లో కల్లు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ ఓపీ ఇలాంటివాళ్లతో నిండిపోయింది. రాత్రి రెండింటికి మంచం మీద పాములు పాకుతున్నాయని దూకబోతున్న మనిషిని ఊహించండి. అక్కడ మనసు లోతుల్లోకి వెళ్లే మాటలకు తావు లేదు. వార్డులో లైటు వెలుగుతూ ఉండాలి, నీడలు పాముల్లా కనబడకూడదు. ముఖం వెలుగులో కనబడేలా నిలబడాలి. పేరు పెట్టి పిలవాలి. "యాదయ్య గారూ, ఎర్రగడ్డ ఆసుపత్రి ఇది. రాత్రయింది. నేను సిస్టర్‌ను. కల్లు ఆగింది కాబట్టి ఇట్లయితుంది, తగ్గిపోతది." ఇదే మాటను, ఇదే వరసలో, విసుగు లేకుండా గంటకు ఎన్నిసార్లయినా చెప్పాలి. చెబుతూనే నాడి, ఉష్ణోగ్రత, బీపీ చూడాలి, పెదవులు తడపాలి, ఫిట్స్ వస్తే అడ్డంగా ఉండే వస్తువులు తీసేయాలి. "తగ్గిపోతది" అన్న మాట ఇక్కడ వట్టి భరోసా కాదని గమనించండి. ఈ స్థితి సరైన వైద్యంతో కొద్ది రోజుల్లో తగ్గుతుంది. తనకు తెలిసిన నిజం కాబట్టే ఆమె ధీమాగా చెబుతోంది.

కోపంతో లేచి నిలబడ్డ మనిషి ముందు ఒంటి భాష మాట కంటే ముందు పనిచేస్తుంది. ఎదురుగా ఢీకొంటున్నట్టు కాకుండా కొంచెం పక్కకు తిరిగి నిలబడాలి. రెండు చేతుల దూరం ఉండాలి. చేతులు కనబడుతూ ఉండాలి. తలుపు అతనికీ, తనకూ ఇద్దరికీ అందుబాటులో ఉండాలి. చుట్టూ చేరిన జనాన్ని పంపేయాలి, ఎందుకంటే చూసేవాళ్లుంటే కోపం తగ్గించుకోవడం పరువు తక్కువవుతుంది. ఒక్కరే మాట్లాడాలి. "కూర్చుంటారా, వరండాలో నడుద్దామా?" అని రెండు దారులు ఇవ్వాలి. ఇంగ్లండ్‌లో లెన్ బోవర్స్ బృందం ఇలాంటి చిన్న చిన్న మెళకువలు పది కూర్చి, సేఫ్‌వార్డ్స్ అని పేరు పెట్టి, 15 ఆసుపత్రుల్లోని 31 వార్డుల్లో పరీక్షించింది. 2015లో ఫలితాలు వచ్చాయి. గొడవలు 15 శాతం, బలవంతంగా అదుపు చేయవలసిన సందర్భాలు 26 శాతం తగ్గాయి. ఆ పదింటిలో మృదువుగా కాదని చెప్పడం ఎలా అన్నది ఒకటి. రోగికి చెడ్డ కబురు వచ్చేలా ఉంటే ముందే ఊహించి పక్కన ఉండటం ఇంకొకటి. ఖర్చు దాదాపు లేని పనులివి.

దీనికి అవతలి చివర ఏముందో మన దేశానికి తెలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన పాకలు అంటుకున్నాయి. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. 2017 చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది, ఒంటరి గదిలో బంధించడాన్నీ నిషేధించింది. కట్టి ఉంచడం తక్షణ ప్రమాదం ఆపడానికి వేరే దారి లేనప్పుడు మాత్రమే, బాధ్యుడైన సైకియాట్రిస్టు అనుమతితో, రికార్డులో కారణం రాసి చేయాలి. శిక్షగా చేయకూడదు, సిబ్బంది తక్కువున్నారని కూడా చేయకూడదు అని 97వ సెక్షన్ విడిగా చెప్పింది. ఆ చివరి మాట రాసినవాళ్లకు వార్డు తెలుసు. నలుగురు చేయవలసిన పని ఇద్దరు చేస్తున్న రాత్రి, కట్టేయడం ఎంత సులువైన దారిగా కనబడుతుందో తెలుసు. అలాంటి రాత్రి కట్టకుండా, మాటతో గట్టెక్కించిన నర్సు గురించి ఏ రిజిస్టరులోనూ ఉండదు. జరగని సంఘటనకు నమోదు ఉండదు కదా.

ఇదంతా మాటల సంగతే అనుకుంటే పొరపాటు. కబుర్లు చెబుతూనే ఆమె కళ్లు ఒంటిని చదువుతుంటాయి. లిథియం వేసుకునే మనిషి మే నెల ఎండలో నీళ్లు సరిగా తాగకపోతే రక్తంలో మందు ప్రమాదకరంగా పెరుగుతుంది. చేతి వణుకు ముతకదైందా, నడక తూలుతోందా, వాంతులు, విరేచనాలు ఉన్నాయా అని ఆమె చూసేది అందుకే. హాలోపెరిడాల్ వేసిన కుర్రాడి మెడ ఒక పక్కకు మెలిపడి కళ్లు పైకి తిరిగితే, ఇంట్లోవాళ్లు దయ్యం మళ్లీ పట్టిందంటారు. ఆమె మందు ప్రభావమని గుర్తుపట్టి డాక్టరును పిలుస్తుంది. నిమిషాల్లో తగ్గించే సూది ఉంది.

పిలుపుల గురించి కూడా చెప్పాలి. పెప్లౌ చెప్పిన పరాయి మనిషి మన వార్డులో మొదటి క్షణమే "సిస్టరమ్మా", "అక్కా" అయిపోతుంది. ముసలామె "బిడ్డా" అంటుంది. ఆ చుట్టరికాన్ని తోసేస్తే మనిషే దూరమవుతాడు. పూర్తిగా కప్పుకుంటే, ఇంటి ఆడపడుచు మీద పెట్టే ఆశలన్నీ నర్సు మీద పడతాయి: డబ్బు సర్దమంటారు, ఫోన్ నంబరు అడుగుతారు, డాక్టరుకు చెప్పవద్దని రహస్యాలు అప్పగిస్తారు. మంచి నర్సు "అక్కా" అన్న పిలుపుకు పలుకుతుంది, హద్దును మాత్రం కదలనివ్వదు. "ఇది డాక్టరు గారికి చెప్పాల్సిన మాటండీ. మీతో చెప్పే చెబుతాను" అంటుంది. తిరిగి పిలిచేటప్పుడు ఆమె ఎంచుకునేది "మీరు". బతుకంతా "ఒరేయ్", "ఏమే" అని పిలిపించుకున్న మనిషికి, జబ్బు పడ్డాక ఇంకా దిగువ పిలుపులు విన్న మనిషికి, పేరు చివర "గారు" వినబడటం ఎంతటి మందో కొలిచే పరికరం లేదు గానీ, ముఖంలో తెలుస్తుంది.

ఒక అభ్యంతరం కూడా నమోదు చేయాలి. 1963లో హేస్, లార్సన్ అనేవారు చేయదగిన, చేయరాని మాటల పద్ధతులను పేర్లతో కూర్చారు. ఆ జాబితా ఇవాళ్టికీ మన నర్సింగ్ నోట్సుల్లో తిరుగుతోంది. మేలైన పనే. కానీ జాబితాను బట్టీ పట్టిన విద్యార్థి, రోగి ఏమన్నా "మీరు బాధపడుతున్నట్టున్నారు" అని చిలకపలుకులు పలకడం మొదలుపెడుతుంది. రోగులు దీన్ని ఇట్టే పసిగడతారు. పద్ధతి పేరు గుర్తుకు రాని స్థితికి చేరాకే అది పనిలోకి దిగుతుంది. పెద్ద ప్రభుత్వ వార్డులో గంటసేపు ఎదురెదురుగా కూర్చునే వీలు ఎలాగూ ఉండదు. మందుల ట్రాలీ తోసుకుంటూ ఒక్కో మంచం దగ్గర నిమిషమో, నిమిషంన్నరో ఆగుతుంది. ఆ కాస్త వ్యవధిలో మాత్ర నాలుక కింద దాచలేదని చూడాలి, నిన్నటి మాట గుర్తుంచుకుని అడగాలి, ఈ రోజు కొత్తగా ఏం మారిందో పట్టాలి. "చెల్లెలు వస్తానంది కదా నిన్న, వచ్చిందా?" ఈ ఒక్క ప్రశ్నలో జ్ఞాపకం, ఆదరం, పరీక్ష మూడూ ఉన్నాయి. ఈ విద్యలో నేను అన్నిటికంటే మెచ్చేది ఈ ట్రాలీ దగ్గరి పొదుపైన పనితనాన్నే.

డిశ్చార్జి వేళ పని రోగి నుంచి కుటుంబానికి మళ్లుతుంది. ఇంట్లో ఎత్తిపొడుపులు, శత్రుత్వం, మితిమీరిన పట్టింపు ఉంటే స్కిజోఫ్రెనియా తిరగబెట్టే అవకాశం పెరుగుతుందని లండన్‌లో వాన్, లెఫ్ అనే పరిశోధకులు 1976లో చూపించారు. అంతకుముందు జార్జ్ బ్రౌన్ వేసిన దారి అది. మన ఇళ్లలో ఈ మితిమీరిన పట్టింపు ప్రేమ రూపంలోనే ఉంటుంది. తల్లి గంటగంటకూ "మందేసుకున్నావా" అంటుంది, స్నానానికి వెళితే తలుపు దగ్గర నిలబడుతుంది. నర్సు ఆ తల్లిని తప్పుపట్టదు. మందుల చీటీ చదివించి, మళ్లీ ఎప్పుడు చూపించాలో చెప్పి, 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ నంబరు 14416 రాసిచ్చి, తెలుగులోనే మాట్లాడతారని చెబుతుంది. ఆ తర్వాత చెప్పిందంతా తల్లి నోటే చెప్పిస్తుంది.

"ఏం కనబడితే తీసుకొస్తారమ్మా?"

"నిద్ర తగ్గితే. ఒక్కడే మాట్లాడుకుంటుంటే. తిండి మానేస్తే."

"సరిగ్గా చెప్పారు. నిద్ర తగ్గినట్టు అనిపిస్తే మాత్రం చుట్టుపక్కల వాళ్లను కాదు, ముందు అబ్బాయినే అడగండి."